రేకుల కింద వైశాఖం

పావగడ కొండ కింద, పోలీసు లైను వాకిట్లో, కిందటి వేసవి నుంచి పడి ఉన్న తన వెదురును బండికెత్తించుకుంటూ మారన్న తిమ్మక్కతో ఒక మాట అన్నాడు. పోయిన వారం మనం ఆ మాట దగ్గరే విడిపోయాం. "ఈ వెదురు నీ ఇంటి కప్పుకని తెచ్చిందమ్మా. ఎందుకు ఎక్కలేదో మీ అన్ననే అడుగు."

తిమ్మక్క భర్త అంజినప్ప పావగడ ఠాణాలో కానిస్టేబులు. లైను ఇళ్లకు గోడలు రాతివి, పైన జింకు రేకులు. పగలు రేకులు కాలుతాయి. పొద్దుగూకాక కొండ బండ తాను తాగిన ఎండను మెల్లగా ఇళ్ల మీదికి వదులుతుంది. కిందటి వైశాఖంలో ఆ వేడికి జ్వరం తగిలి వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ చిన్నక్క చనిపోయింది. అప్పటికే సర్కారు ఆ లైనుకు పని మంజూరు చేసింది. రేకుల కింద వెదురు తడికల కప్పు, కిటికీలకు వట్టివేళ్ల తెరలు, కొండ కింది కొత్త బావి నుంచి ఇనుప గొట్టాల మీద వాకిట్లోకి కొళాయి. కంట్రాక్టు మొదట మారన్నది. సరుకు వాకిట్లో దిగిందో లేదో పని ఆగిపోయింది. పుచ్చు వెదురు తెచ్చాడన్నారు. వానలు వెనకబట్టాక అదే కంట్రాక్టు తిమ్మక్క అన్న గంగాధర చేతికి వచ్చింది. ఇప్పుడు మాఘమాసం. పని సగం దాకా వచ్చింది. తిమ్మక్క మళ్లీ కడుపుతో ఉంది.

మారన్న బండి మలుపు తిరిగి కనబడకుండా పోయినా ఆమె వాకిట్లోనే నిలబడింది. వెళ్లేముందు ఆయన కొన్ని బొంగులను కొడవలితో నిలువునా చీల్చి చూపించాడు. ఎందులోనూ పురుగు లేదు. ఇన్నాళ్లు ఎండకూ వానకూ పడి ఉన్నందుకు పైన నలుపెక్కింది గానీ లోపల తెల్లగా, గట్టిగా ఉంది. ఒక చీలికను ఆమె చేతిలో పెట్టి ఆ ముసలాయన ఎద్దులను అదిలించాడు. కోపంగా వెళ్లి ఉంటే ఆమెకు ఇంత భయం వేసేది కాదు. ఆయన కళ్లలో జాలి ఉంది.

గంగాధర ఆమె ఇంట్లోనే ఉన్నాడు. మిగతా ఇళ్లకు కూలీలను పంపాడు గానీ చెల్లెలి ఇంటి కప్పుకు మాత్రం పొద్దున్నే వచ్చి తనే నిచ్చెన ఎక్కాడు. తిమ్మక్క గడప దాటేసరికి సగం గది మీద కొత్త తడికలు పరుచుకుని ఉన్నాయి. ఆ సగం నీడగా, చల్లగా ఉంది. రెండో సగంలో మాఘమాసపు ఎండకే రేకులు సెగ దించుతున్నాయి. గంగాధర నార పోగులు నోట్లో కరిచి పట్టుకుని తడిక అంచును వాసానికి బిగిస్తున్నాడు. గోడ వార తల్లి బోరమ్మ కూర్చుని కిటికీ తెర కోసం వట్టివేళ్ల చిక్కు తీస్తోంది.

"అన్నా, కిందికి దిగు."

"ఉండు మే. ఈ కొన కట్టేసి దిగుతా. వదిలితే జారిపోతాది."

"దిగు."

ఆ గొంతు విని బోరమ్మ చేతులు ఆగాయి. గంగాధర నోట్లోని నార తీసి, మెట్టు మెట్టుగా దిగి వచ్చాడు. చెల్లెలి చేతిలోని వెదురు చీలిక చూశాక చేతులకంటిన దుమ్మును పంచెకు తుడుచుకుంటూ ఉండిపోయాడు. దుమ్ము పోయినా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"మారన్న వచ్చినాడా?"

"వచ్చినాడు, పోయినాడు. ఇది యాడ పుచ్చిందో చూపించన్నా."

"ఒక బొంగు బాగుంటే అన్నీ బాగుంటాయా మే?"

"ఇంకా చీల్పించి చూసినా. అన్నీ ఇట్లనే ఉండాయి. పుచ్చిందని ఇంజినీరుకు చెప్పింది ఎవరు?"

బోరమ్మ మధ్యలో అందుకుంది. "ఎవరో గిట్టనోళ్లు చెప్పుంటారు. ఇప్పుడా మాటలెందుకు? వాడు పొద్దున్నించి సంగటి ముద్ద ముట్టలేదు. రా నాయనా, తిందువు రా."

"అమ్మా, నేను అన్నను అడుగుతా ఉండా."

గంగాధర నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాడు. పెద్ద మనిషి, మెడ మీద రాళ్లు మోసి మోసి కాయలు కాచిన మనిషి, ఆ మెట్టు మీద చిన్నగా అయిపోయాడు.

"నేనే చెప్పినా," అన్నాడు.

తిమ్మక్కకు ఆ మాట వినబడింది. అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఎదురుగా ఉన్నది తను పుట్టినప్పటి నుంచి ఎరిగిన ముఖం. చిన్నప్పుడు సొక్కు వచ్చి తెలివి తప్పి పడితే భుజాన వేసుకుని నాగలమడిక దాకా ఏట్లో ఇసుక తొక్కుకుంటూ వైద్యుడి దగ్గరికి పరిగెత్తిన అన్న.

"ఎందుకన్నా?"

"మారన్న కింద ఎన్నేండ్లు చేసినానో నీకు తెలుసు. రాళ్లు మోసినా, సున్నం కలిపినా, మేస్త్రీ అయినా. ఆయప్ప పేరు మీద కట్టిన గోడలన్నీ నా చేతులు కట్టినవే. నా పేరు మీద ఒక్క పని రాలేదు. ఈ లైను పనికి నేనూ టెండరు వేసినా. రాలేదు. మళ్లా ఆయప్పకే పోయింది. నా చెల్లెలు ఉండే ఇంటికి కప్పు నేను వేయకూడదా అనిపించింది మే. కడుపు మండింది. ఇంజినీరు వచ్చి ముసాఫరు బంగళాలో బస దిగినాడని తెలిసి పోయినా. మారన్న పుచ్చు వెదురు దింపినాడు స్వామీ, ఏడాదికే బిడ్డల నెత్తిన కూలుతాది అన్నా."

"ఎప్పుడు?"

"ఉగాది అయినాక."

ఉగాది అయినాక. తిమ్మక్క కళ్ల ముందు ఆ రోజులు కదిలాయి. చిన్నక్క అప్పుడే అడుగులు వేస్తోంది. వాకిట్లో పేర్చిన ఆ వెదురు కట్టలను పట్టుకునే అది నిలబడడం నేర్చుకుంది. పడితే నవ్వేది, మళ్లీ పట్టుకుని లేచేది.

"నేను చూసేదాకా పని ఆపండి అన్నాడు ఇంజినీరు," గంగాధర చెబుతూనే ఉన్నాడు. మొదలుపెట్టాక ఇక ఆగడం చేతకానట్టు ఉంది అతనికి. "వారంలో వచ్చి చూస్తాడనుకుంటి. మారన్నను తప్పించి నాకిస్తాడు, ఎండలు ముదరక ముందే ముందు నీ ఇంటికి వేస్తా, తర్వాతే మిగతా ఇండ్లకు అనుకుంటి. ఇంజినీరు ఆ పొద్దే యాదో చెరువు కట్ట పని చూడాలని పోయినాడు. ఆడ నుంచి ఇంకో తావుకు పోయినాడు. మళ్లా ఈ పక్కకు రాలేదు. ఓవర్సీరును అడిగితే, పెద్దాయన చూడంది నేను ముట్టుకోను అన్నాడు."

చైత్రం పోయింది. వైశాఖం వచ్చింది. లైనులో ఆడవాళ్లు తాలూకా కచేరీ వెనక బావికి పోయి వంతుల కోసం నిలబడి నీళ్లు తెచ్చుకునేవాళ్లు. మధ్యాహ్నాలు ఇంట్లో ఉండలేక బిడ్డలను ఎత్తుకుని బయటికి వచ్చేవాళ్లు. బయట నీడ ఏది? తిమ్మక్క పాత చీర ఒకటి తడిపి, ఆ వెదురు కట్టల మీద నుంచి గోడకు కట్టి, దాని కింద చిన్నక్కను పడుకోబెట్టేది. కట్టేలోపే చీర ఆరిపోయేది. జ్వరం వచ్చాక బిడ్డ ఒళ్లు రేకులాగే కాలింది. తడిగుడ్డ వేస్తే ఆవిరి అయ్యేది. ఇంటి కప్పు కోసం వచ్చిన వెదురు పక్కనే, ఆ వెదురు నీడలోనే, బిడ్డ నోరు తెరుచుకుని ఊపిరి కోసం ఎగబడుతుంటే ఆమె విసనకర్ర పట్టుకుని విసురుతూ కూర్చుంది.

"నువ్వు రోజూ వచ్చేటోడివి కదన్నా," అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "పొద్దుగూకినాక కుండ భుజాన పెట్టుకుని నీళ్లు తెచ్చేటోడివి. ఆ నీళ్లతోనే గుడ్డ తడిపి కప్పేదాన్ని. నువ్వు దాని కాళ్ల దగ్గర కూర్చుని చూస్తా ఉంటివి. ఆ వెదురు బాగుండాది, నేను అబద్ధం చెప్పినా అని ఒక్క మాట పోయి చెప్పి ఉంటే పని సాగేది కదా?"

గంగాధర తల ఎత్తలేదు.

"పోయినా మే. చెప్పాలనే పోయినా. దాని కండ్లు పైకి పోయినాయి చూడు ఆ మాపు... తెల్లారి తుమకూరు బస్సు ఎక్కినా. ఆడ ఇంజినీరు కాళ్ల మీద పడాలనే పోయినా. మధుగిరిలో బస్సు నిలబడింది. కిందికి దిగితే ఓవర్సీరు కనబడినాడు. కంట్రాక్టు నీకే వచ్చేటట్టు ఉండాది గంగాధరా, కొంచెం ఓపిక పట్టు అన్నాడు. బస్సోడు పిలిచినాడు. నువ్వు పోనీప్పా అని వానికి చెప్పినా. ఇంత దూరం వచ్చింది, ఇంకొన్ని దినాలు అనుకుంటి. బిడ్డ ఎట్లనో తట్టుకుంటాదిలే అనుకుంటి. మారు బస్సు ఎక్కి తిరిగొచ్చినా."

"తిరిగొచ్చేసరికి?"

"తిరిగొచ్చేసరికి వాకిట్లో జనం ఉండారు."

ఆ రోజు తిమ్మక్కకు గుర్తుంది. ఒళ్లంతా దారి దుమ్ముతో, ఎండిన పెదాలతో అన్న జనాన్ని తోసుకుని వచ్చాడు. కబురు తెలిసి ఎక్కడి నుంచో పరిగెత్తుకుని వచ్చాడనుకుంది. అతని మోకాళ్లు పట్టుకుని, "అన్నా, నా బిడ్డను లేపన్నా, నువ్వు పిలిస్తే లేస్తాది" అని ఏడ్చింది. అతను బిడ్డను చేతుల మీద ఎత్తుకుని కొండ వార దాకా నడిచాడు. గుంత కూడా ఎవరినీ తవ్వనివ్వలేదు. అంత ప్రేమ ఉన్న అన్న ఎవరికి దొరుకుతాడని లైనంతా చెప్పుకున్నారు. ఇన్నాళ్లూ ఏడుపు ముంచుకొచ్చినప్పుడల్లా తిమ్మక్క తలుచుకుని ఊరట పొందింది ఆ చేతులనే. ఇప్పుడు అది కూడా లేకుండా పోయింది.

బోరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. తిమ్మక్క తల్లి వైపు తిరిగింది. ఆ ఏడుపులో కొత్తగా విన్నవాళ్ల తత్తరపాటు లేదు.

"నీకు తెలుసు."

బోరమ్మ ముఖం గోడ వైపు తిప్పుకుంది.

"నీకూ తెలుసామ్మా?"

"పూడ్చి వచ్చిన పొద్దు నా దగ్గర పడి ఏడ్చినాడే. బండరాతికి తల కొట్టుకున్నాడు. నేనే పట్టుకున్నా. ఏం చేయమంటావు తల్లీ? చెప్తే నా మనవరాలు లేచొస్తుందా? మీ నాయన పోయినాక నాకుండేది మీరిద్దరే. ఉన్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుంటే నేను యాడ పోయేది? అందుకే నోరు మూసుకున్నా. పని వానికే వచ్చె, ముందు నీ ఇంటికే కప్పు వేస్తా ఉండాడు. వాడు చేయగలిగింది వాడు చేస్తా ఉండాడు. పుట్టబోయే దానికైనా నీడ ఉంటాది."

తిమ్మక్క తల ఎత్తి పైకి చూసింది. తడికలు దగ్గర దగ్గరగా, ఎక్కడా సందు లేకుండా ఉన్నాయి. మంచి పని. ఆ అంచుల్లో అన్న వేళ్ల పనితనం కనబడుతోంది. కిందటి ఏడు ఇంత నీడ ఉంటే చాలు. ఇంత ఉంటే చిన్నక్క ఇప్పుడు బోరమ్మ పక్కన కూర్చుని వట్టివేళ్లు పీకి పారేస్తూ తిట్లు తింటూ ఉండేది.

"పీకేయ్," అంది. "అంతా పీకేయ్. నాకొద్దు నీ కప్పు."

గంగాధర లేచాడు. నిజంగానే నిచ్చెన మీద చెయ్యి వేశాడు. తాను బిగించిన ముడిని తానే విప్పడానికి పైకి ఎక్కాడు.

అప్పుడు గోడ అవతల, పక్కింటి వెంకటక్క చంటిబిడ్డ నిద్ర లేచి ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఇంటికి ఇంకా కప్పు పడలేదు. ఆ వరసలో చివరి ఇళ్లు ఒకదానికీ పడలేదు. వెంకటక్క బిడ్డను భుజాన వేసుకుని ఏదో పాడుతూ గదిలో తిరుగుతోంది. ఇక్కడ ముగ్గురికీ అది వినబడుతోంది.

గంగాధర మొదటి ముడి విప్పాడు. తడిక కొన కిందికి వేలాడింది. సందులోంచి సెగ మళ్లీ తిమ్మక్క ముఖానికి తగిలింది.

"ఆపు."

అతను ఆగాడు.

"పీకొద్దు. కట్టేయ్." ఆమె ఒక్కొక్క మాటా కష్టంగా తీసి పెడుతున్నట్టు మాట్లాడింది. "పని ఆపొద్దన్నా. ఎవరింటికీ ఆపొద్దు. శివరాత్రి లోపల లైనంతా కప్పు పడల్ల. వాకిట్లోకి నీళ్లు రావల్ల. ఇప్పుడు చేస్తా ఉండే కూలోళ్లు చాలకపోతే ఇంకా పిలిపించు. నా ఇంట్లో మిగిలింది వాళ్లే చేస్తారు. ఆ కొన కట్టేసి దిగి పో. మళ్లా ఈ గడప తొక్కొద్దు."

"తిమ్మక్కా..."

"కానుపుకూ రావద్దు. బిడ్డకు పేరు పెట్టేటప్పుడూ రావద్దు. దానికి మామ ఉండాడని నేను చెప్పను."

గంగాధర ఆ కొన కట్టాడు. ముడి జారింది, మళ్లీ కట్టాడు. దిగి, తువ్వాలు భుజాన వేసుకుని, చెల్లెలి దగ్గర ఒక్క నిమిషం నిలబడ్డాడు. కొడుతుందేమో, కొడితే బాగుండునని ఎదురుచూసినట్టు ఉంది. ఆమె ముఖం తిప్పుకుంది. అతను వాకిలి దాటి, వెంకటక్క ఇంటి ముందు ఉన్న కూలీలతో, "రేపు పొద్దున్న ముందు ఈ ఇల్లు మొదలుపెట్టండప్పా" అని చెప్పడం వినబడింది. గొంతు మామూలుగా పెట్టాలని చాలా కష్టపడ్డాడు.

"నువ్వూ పో అమ్మా," అంది తిమ్మక్క.

"నిన్ను ఇట్లా వదిలిపెట్టి యాడికి పోతా?"

"వాని వెంట పో. వాడు ఒక్కడే పోతా ఉండాడు. నువ్వు మళ్లా రావచ్చు. ఈ పొద్దు మాత్రం నా కండ్ల ముందర ఉండొద్దు."

బోరమ్మ వట్టివేళ్ల కట్టను గోడ వార సర్దిపెట్టి, కూతురి తల మీద చెయ్యి వేయబోయి, వేయలేక, కొడుకు పోయిన దారిన వెళ్లింది.

అంజినప్ప పొద్దు వాలుతుండగా వచ్చాడు. రాయచెర్లు పక్క బీటుకు పోయి నడిచి వచ్చిన కాళ్లు, మోకాళ్ల దాకా ఎర్రమట్టి. నెమ్మదైన మనిషి. బిడ్డ పోయాక మరీ మాట తగ్గింది. లైనులో ఎవరి బిడ్డ ఎదురొచ్చినా పక్కకు తప్పుకుని పోయేవాడు. ఇంట్లో దీపం లేదు, పొయ్యి మీద ఏమీ లేదు. నిచ్చెన వట్టిగా ఉంది. భార్య కప్పు పడని సగంలోనే, ఆ సెగ కిందే, నేల మీద కూర్చుని ఉంది.

"ఏమైంది మే? మీ అమ్మ యాడ?"

తిమ్మక్క చెప్పింది. మారన్న చూపించిన వెదురు నుంచి మధుగిరి బస్సు దాకా అంతా చెప్పింది. చెబుతూ ఉంటే అప్పుడు వచ్చాయి కన్నీళ్లు. ఇంతసేపూ పట్టి ఉంచింది ఈయన ముందు ఏడవడానికే. ఈయన ఒక్కడు తనలాగే ఏమీ తెలియకుండా బిడ్డను పోగొట్టుకున్నాడు. ఈ దుఃఖంలో తనతో సమానంగా నిలబడేది లోకంలో ఈయన ఒక్కడే.

అంజినప్ప తలపాగా తీసి పక్కన పెట్టాడు. నడుము పట్టా విప్పాడు. ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మీ అన్న నా పేరు చెప్పలేదా?" అన్నాడు.

"నీ పేరెందుకు చెప్తాడు?"

"చెప్పలేదంటే..." అంజినప్ప విప్పిన పట్టాను చేతికి చుట్టుకున్నాడు. "అంతా వాడే నెత్తికెత్తుకున్నాడు."

తిమ్మక్క కళ్లు తుడుచుకోవడం మానేసింది.

"ఆ పొద్దు ముసాఫరు బంగళా వాకిట్లో కాపలా పారా నాది," అన్నాడు అంజినప్ప నేలను చూస్తూ. "మీ అన్న చెప్పింది ఇంజినీరు నమ్మలేదు. కంట్రాక్టు రానోళ్లందరూ ఇదే చెప్తారు పోప్పా అన్నాడు. పోతాపోతా వాకిట్లో నన్ను చూసినాడు. నువ్వు లైనులోనే ఉంటావు కదా, ఆ వెదురు చూసినావా, ఎట్లుండాది అని అడిగినాడు. మీ అన్న నా ముఖం చూసినాడు. నోరు తెరిచి అడగలేదు. కండ్లతోనే బతిమాలినాడు. ఇన్నేండ్లు ఇంకొకరి కింద చాకిరి చేసినాడు, మన మనిషి బాగుపడితే మనకూ మంచిదే, వారం దినాల పనే కదా అనుకున్నా."

"ఏం చెప్పినావు?"

"పుచ్చింది స్వామీ అన్నా."

బయట కూలీలు ఇనుప గొట్టాలు దించుతున్న చప్పుడు ఆగిపోయింది. వాళ్లు కూడా పొద్దుగూకిందని ఇళ్లకు పోతున్నారు.

"నా మాట మీదనే పని ఆగింది తిమ్మక్కా. వాని మాట మీద కాదు. బిడ్డకు జ్వరం వచ్చినాక వాడు నాతో అన్నాడు, పోయి నిజం చెప్పేద్దాం బావా, ఇద్దరమూ పోదాం అని. సర్కారు మనిషిని, అబద్ధం చెప్పినానని తెలిస్తే ఉద్యోగం పోతాది, ఈ ఇల్లు పోతాది అని నేనే పోలేదు. వాడు ఒక్కడన్నా మధుగిరి దాకా పోయినాడు. నేను ఈ గడప దాటలేదు."

తిమ్మక్క అతన్ని చూసింది. ఏడుపు రాలేదు. ఏడవడానికి పక్కన ఒక మనిషి ఉండాలి. అన్న లేడు, అమ్మ లేదు, ఇప్పుడు ఈయన కూడా లేడు. కడుపులో బిడ్డ కదిలింది. ఆమె రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది.

"ఇది ఎన్నాళ్లు దాచాలనుకున్నావు?"

"చచ్చేదాకా. కానీ ఇంక కుదరదు." అంజినప్ప తల ఎత్తాడు. "ఠాణాలో విన్నా, మారన్న పైవాళ్ల దగ్గరికి పోయి చెప్పుకున్నాడు. ఆ వెదురు బండి ఇంటికి పోలేదు, నేరుగా బంగళాకే పోయింది. రేపు ఇంజినీరు వస్తా ఉండాడంట. వచ్చి నన్నే పిలుస్తాడు. ఆ పొద్దు పుచ్చిందని చెప్పినావు, ఇప్పుడేమంటావు అంటాడు. నిజం చెప్తే నా ఉద్యోగం పోతాది. అది పోనీ. పోవల్సిందే. మీ అన్న కంట్రాక్టు రద్దు చేస్తారు. మళ్లా విచారణ అంటారు, మళ్లా టెండరు అంటారు. గొట్టాలు, తడికలు మళ్లా వాకిట్లో పడుంటాయి. ఎండాకాలం వచ్చేస్తాది. కప్పు పడని ఇండ్లల్లో అంతా పాలు తాగే బిడ్డలే. అబద్ధం చెప్తే మారన్న దొంగ అనిపించుకుని పోతాడు. ఆ ముసలాయన ఏ పాపమూ చేయలేదు. ఏం చెప్పమంటావు? నువ్వే చెప్పు. నువ్వు ఏది చెప్పమంటే అది చెప్తా."

"నన్నడుగుతావా?" అంది తిమ్మక్క. "అప్పుడు అడిగినావా నన్ను?"

గోడ అవతల వెంకటక్క బిడ్డ పాలు తాగి నిద్రపోయినట్టుంది, చప్పుడు లేదు.

వాకిట్లో బూట్ల చప్పుడైంది. ఠాణా దఫేదారు గడప బయటే నిలబడి, ఇంట్లో దీపం లేకపోవడం చూసి గొంతు సవరించుకున్నాడు.

"అంజినప్పా, రేపు కాదంటప్పా. ఇంజినీరు ఇప్పుడే మోటారులో దిగినాడు. బంగళాలో మారన్న వెదురంతా పరిచి కూర్చున్నాడు. మీ బావమరిదిని కూడా దారిలో పట్టుకుని తీసుకుపోయినారు. నిన్ను తొందరగా రమ్మంటా ఉండారు." తర్వాత గొంతు తగ్గించాడు. "నీ పెండ్లాన్ని కూడా పిలుచుకు రమ్మన్నాడప్పా. బిడ్డ పోయిన ఇంటి తల్లితో మాట్లాడాలంట."

అంజినప్ప తలపాగా చేతిలోకి తీసుకున్నాడు గానీ లేవలేకపోయాడు. తిమ్మక్క గోడ పట్టుకుని లేచింది. కొంగు నడుముకు చుట్టుకుంది. భర్త కోసం చూడకుండా దఫేదారును దాటి, బంగళా దారి పట్టింది.